గోడకు మొఖం పెట్టి ఎనిమిది చప్పట్లు

కిష్టప్పకు కొత్త మనిషి కనవడితే పేరు అడగడు, ఊరు అడగడు. "జెర ఎనిమిది చప్పట్లు కొట్టు" అంటడు. మనిషి మంచోడే, పెండ్లాం పిల్లలున్నోడే. కానీ చప్పట్లు కొట్టనిదే ఎవ్వల్ని మనిషి లెక్కల ఏసుకోడు.

బీరంగూడల టైర్ల దుకాణం మీద ఒక రూం. అదే నరేష్ పెట్టిన గేమ్ కంపెనీ. చేసేది ఒక్కటే ఆట, 'అడ్డా దరువు'. ఫోన్‌ల డప్పు ఒక వరుస కొడ్తది. నలుగురు తమ తమ ఫోన్ల మీద అదే వరుస తిరిగి కొట్టాలె. ఒక్కడు తప్పినా నలుగురి మార్కులు పోతయి. ఆ ఆటకు తెరలు గీసేది కిష్టప్ప. ఏ బటన్ యాడుండాలె, ఏ రంగు ఎప్పుడు మెరవాలె, అంత ఆయనదే.

ఇంజనీరింగ్ అయిపోంగనే నిషిత ఆయన కాడికి ఇంటర్వ్యూకు పోయింది. ఫైల్ తెరిచేలోపే లాప్‌టాప్ ముంగట పెట్టిండు. అండ్ల ఒక చుక్క మెరుస్తుంది, మెరిసినప్పుడల్ల టక్కుమంటది.

"చుక్కను చూసుకుంట ఎనిమిది కొట్టు."

కొట్టింది.

"ఇప్పుడు గోడకు మొఖం పెట్టి ఎనిమిది."

"సార్, నేనేమన్న తప్పు చేసిన్నా?"

"ఇప్పటిదాంక లేదు. కొట్టు."

టక్కుకు, చప్పట్లకు నడుమ ఎంత ఆలస్యమైందో సెకన్ల వెయ్యో వంతు దాంక చూసి నోటుబుక్కుల రాసుకున్నడు. "ముప్పై రెండు. మంచిగున్నది. రేపటి సంది రా." ఆ దినం నుంచి ఆమె పేరు ముప్పై రెండు. ఇంటి ఓనర్ నూట పది. చాయ్ తెచ్చే రాధమ్మ అరవై. కరెంటు మీటర్ చూడ వచ్చినాయన గోడకు నిలవడి చప్పట్లు కొట్టి, మీటర్ చూసుడే మరిచిపోయి ఎల్లిపోయిండు.

కిష్టప్ప భార్య భవాని ఒకరోజు టిఫిన్ డబ్బా పట్టుకోని వస్తే నిషిత ఉండబట్టలేక ఈ చప్పట్ల సంగతి అడిగింది.

"పెండ్లిచూపులల్ల అందరు పాట పాడుమంటరు కదా" అన్నది భవాని. "గీయన నన్ను, మా నాయినను, మా మేనత్తను వరుసగ గోడకు నిలవెట్టి చప్పట్లు కొట్టిచ్చిండు. దోమలున్నయేమో అనుకోని మా అమ్మ వేపాకు పొగేసింది."

"మరి ఎట్ల ఒప్పుకున్నవ్ అక్కా?"

"పొగల మొఖం సక్కగ కనవడలే."

అంతల ఒక పెద్ద కంపెనీ నుంచి అంకిత మేడం ఆట చూడ వస్తా అన్నది. నచ్చితే ఆట మార్కెట్ల దిగుతది. నిషిత మొట్టమొదటిసారి తన సొంతంగ ఒక తెర గీసింది. నల్లటి తెర, నాలుగు పేర్లు, ఇంకేం లేదు. పొద్దుగాల వచ్చి చూస్తే పేరు పేరుకు చుట్టు పచ్చటి గుండ్రం. డప్పు దెబ్బ పడ్డప్పుడల్ల అది ఉబ్బుతున్నది. కిష్టప్ప పనే.

"ఏందన్నా గిది? పూరీలు పొంగుతున్నట్టున్నది!"

"పొంగనీ."

"ఇది చెవుల ఆట అన్నా, కండ్లది కాదు. ఎందుకో చెప్పు, ఉంచుత."

"నాకు గుండ్రంగ ఉంటేనే నిద్ర పడ్తది."

నరేష్‌కు ఇద్దరితోని పరేషాన్ అయింది. "శనివారం రెండు తెరలు పరీక్ష చేద్దాం. దేంట్ల ఎక్కువ మార్కులొస్తే మేడంకు అదే."

శనివారం షిఫ్ట్ దిగినంక ఆట ఆడి చూడ నలుగురు వస్తరు, పటాన్‌చెరుల ఇనుప రేకులు ఒత్తే ప్రెస్ షెడ్డోళ్లు. పెద్దాయన కొమురయ్య, ఇరవయ్యారేండ్ల సంది ప్రెస్ మిషన్ మీదనే. చిన్నోడు పాండు, చేతి కన్న నోరు జోరు. గుండ్రాలతోని ఆడితే తొంభై ఒకటి వచ్చింది. నిషిత తెరతోని పదిహేడు. డప్పు మూడు దెబ్బలేస్తే కొమురయ్య ఏడు ఏసిండు.

"కాకా! గది డప్పు! నువ్వు అటుకులు దంచుతున్నవ్!" అన్నడు పాండు. అందరు నవ్విన్రు. కొమురయ్య కూడ నవ్విండు, కానీ ఫోన్ మెల్లగ బల్ల మీద పెట్టేసిండు.

"ముసలోన్ని అయిన్రా. ఇగ నేను రాను. వేరేటోన్ని చూసుకోండ్రి."

కిష్టప్ప కుర్చీలకెళ్లి ఎగిరి లేసిండు. "ఆగుండ్రి! కొమురన్న ఫోన్‌కు సౌండ్ లేటుగ పోతున్నది. తప్పు నాది!"

వెయ్యో వంతు తప్పు కూడ ఒప్పుకోనోడు గింత జల్దీ ఒప్పుకునుడేంది? నిషిత ఫోన్ చూసింది. ఫోన్‌కు ఏం రోగం లేదు. కిష్టప్ప నోటుబుక్ తెరిచింది. రెండు వందల పేర్లు, ఒక్కో పేరుకు రెండు గడులు: ఎదురుంగ, గోడకు. ఒక కాడ 'మామ, గోడకు మూడు వందలు. చెవుల గుబిలి తీపిచ్చిన. ఇప్పుడు డెబ్బై' అని ఉన్నది. కొమురయ్య కాడ, ఎదురుంగ నలభై. గోడకు ఖాళీ, టక్కు ఇనవడక ఒక్క చప్పట కొట్టలే. పక్కకు చిన్న అక్షరాలు: 'మిషన్ చప్పుడుకు చెవులు పోతున్నయి. ఎవ్వలకు చెప్పుకోలే. నలుగురిల అడగొద్దు. దవాఖానకు మెల్లగ ఒప్పియ్యాలె. గుండ్రం ఇంక పెద్దగ చెయ్యాలె.'

నలుగురిల ఒక్కని చెవులకు పరీక్ష పెడితే ఆ ఒక్కడు సిగ్గువడ్తడు. ఊరందరిని గోడకు నిలవెడితే ఎవ్వలకు సిగ్గు? పిచ్చోడు కిష్టప్ప ఒక్కడే.

నిషిత నోటుబుక్ మూసింది. తన తెర తీసేసి గుండ్రాలు మళ్ల పెట్టింది, ఇంకింత పెద్దగ చేసి. "సౌండ్ సరిజేసిన కాకా! జెర ఇంకొక్కసారి!" అని గట్టిగ అన్నది. తొంభై నాలుగు. కొమురయ్య చాయ్ అడిగిండు.

మేడం రానే వచ్చింది. నలుగురు ఆడుతుంటే మొఖం చిట్లిచ్చుకున్నది. "ఈ గుండ్రాలెందుకు? చిన్నపిల్లల ఆటలా ఉంది."

కిష్టప్ప నోరు తెరిచిండు, కొమురయ్య దిక్కు చూసి మూసిండు.

"షిఫ్ట్ బస్సుల, లొల్లిల ఆడుకునేటోళ్లకు మేడం" అన్నది నిషిత. "చూడుండ్రి." ఆడేటోళ్లకు చెప్పకుంటనే లాప్‌టాప్ నుంచి నాలుగు ఫోన్ల సౌండ్ బందు చేసింది.

రూం మొత్తం నిశ్శబ్దం. పాండు గాబరా పడి రెండు దెబ్బలు తప్పిండు. మిగిలినోళ్లు గుండ్రాలు చూసి అందుకున్నరు. కొమురయ్య తల లేపలే, ఒక్కటి తప్పలే.

"ఇదే ఉంచండి" అన్నది మేడం.

కొమురయ్య పాండు దిక్కు తిరిగిండు. "ఏందిరా, చెవులల్ల పత్తి పెట్టుకున్నవా? డప్పు గంత సక్కగ మోగుతుంటే తప్పుతవేందిరా?"

పాండు చేతుల ఫోన్ చూసిండు, కాకను చూసిండు, మళ్ల ఫోన్ చూసిండు. వానికి సమజైంది.

"అవ్ కాకా" అన్నడు గట్టిగ. "నాకే ఇనవడలే."

"మరి సౌండ్ పెంచుకో!"

పాండు బుద్ధిమంతుని లెక్క ఫోన్ పక్కపొంటి వేలు పెట్టి, రెండుసార్లు ఒత్తినట్టు చేసిండు.