గిద్దలూరు మామ కొడుకు

ఆమధ్య ఒక మధ్యాహ్నం మా వదిన చెప్పులు విప్పకుండానే ఇంట్లోకి వచ్చేసింది. మార్కాపురానికి కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మ దగ్గర చీవాట్లు తిని ఆమె నేర్చుకున్న మొదటి అలవాటే గుమ్మం బయట చెప్పులు విడవడం. అలాంటి మనిషి చెప్పులతోనే వంటింటి దాకా వచ్చి, నేను పప్పుకు తాలింపు పెడుతుంటే పొయ్యి కట్టేసి, ఫోను నా మొహం ముందు పెట్టింది. అందులో వాళ్ల భాషలో రెండు ముక్కలున్నాయి. ఆ అక్షరాలు నాకు రావు. "ఏంది వదినా?" అన్నాను. "మీ బావ. గిద్దలూరులో అమ్మ ఇంటికి వచ్చి ఉండొచ్చునా అంటాడు. నన్ను ఏమీ అడగని ఇల్లు భూమ్మీద అదొక్కటే అంట," అంది. అని కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. నేను స్వతహాగా నిలకడ లేని మనిషిని. నన్ను నిలకడగా కూర్చోబెట్టే మనిషి ఆమె. ఆ రోజు ఆమే అట్లా తిరుగుతుంటే మా వంటింట్లో ఇద్దరికీ చోటు చాలలేదు.

బావ అంటే ఎవరో చెప్పకుండా ముందుకు పోతే మీరు నన్ను తిడతారు. మా వదినది రష్యా. డాక్టరు చదవడానికి వెళ్లిన మా అన్న పట్టాతో పాటు ఆమెనూ తెచ్చుకున్నాడు. అక్కడ చేసుకున్న పెళ్లి పెళ్లే కాదని మా నాయన పట్టుబట్టి మార్కాపురంలో మళ్లీ చేయించాడు. పీటల మీద కూర్చుని పిల్లను ధారపోయడానికి ఆడపిల్ల తరఫున ఎవరూ లేరు. మా అమ్మ తమ్ముడు, గిద్దలూరు మామ, రైల్వేలో గార్డు. ఆయనకూ అత్తకూ పిల్లల్లేరు. "మేం గూర్చుంటాం" అని ఇద్దరూ పట్టుబట్టలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఆ విధంగా మా అన్న సముద్రాలు దాటి పోయి కూడా చివరికి మేనమామ కూతుర్నే చేసుకున్నవాడయ్యాడు. పెళ్లిలో అందరూ దీనికి నవ్వారు. మామ, అత్త మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు. ప్రతి పండక్కి చీర వచ్చేది. పురిటికి తీసుకుపోయారు. వదిన అత్తను అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది, మా అమ్మ కొంచెం ముఖం మాడ్చుకున్నా సరే. వదినకు పాప పుట్టిన తర్వాత, ఒక ఎండాకాలంలో, వాళ్ల తమ్ముడు దిగాడు. కూతురి తమ్ముడు గనక మామకు కొడుకు. మామ కొడుకు గనక నాకు బావ. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు, ఇక మా ఇంటి ఆడవాళ్ల నోళ్లు ఊరుకుంటాయా!

నున్నగా గొరిగిన తల, దాని మీద తడి తువ్వాలు, ఎప్పుడూ బిగించి ఉండే దవడ. బావ ఎవరి కళ్లలోకీ చూసేవాడు కాదు, మమ్మల్ని దాటి గోడను చూసేవాడు. ఎండకు బెదిరిపోయాడు పాపం అనుకున్నాం. మా వైపు ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎందుకు వచ్చావని అడగడం, ఎప్పుడు పోతావని అడగడంతో సమానం. కాబట్టి ఎవరూ అడగలేదు. తర్వాత తెలిసింది ఏమంటే, వాళ్ల ఊళ్లో మన దేశం మనకే అంటూ గోడల మీద రాసే కుర్రాళ్ల జట్టు ఒకటి ఉండేది. సంతలో పళ్లమ్ముకునే వలసవాళ్లను, నల్లగా కనిపించిన విద్యార్థులను దారి కాచి కొట్టడం వాళ్ల పని. మా అన్న పై పెదవి మీది మచ్చ అక్కడ చదివే రోజుల్లో అట్లాంటివాళ్లు పెట్టిందే. అట్లాంటి జట్టుకు బావ నాయకుడు. ఒక పళ్ల వ్యాపారిని చావగొట్టిన కేసులో పోలీసులు వెతుకుతుంటే, వాళ్లమ్మ ఏడ్చి అక్క దగ్గరికి పంపేసింది. అన్నకు ఇదంతా తెలుసు. తెలిసీ బామ్మర్దికి తన మంచం ఇచ్చి తాను కింద పడుకున్నాడు. ఇప్పటికీ నాకు అన్న మీద దీనికి కోపమే.

వదిన తమ్ముడు దిగాడని విన్న మామ గిద్దలూరు నుంచి కొత్త పంచె, చొక్కా గుడ్డ తీసుకుని వచ్చాడు. "నా కొడుకు వచ్చినాడంటే మీ ఇంట్లో ఉండడమేంది?" అని మా నాయనతో దెబ్బలాడి తీసుకుపోయాడు. అత్త సంతోషం గురించి చెప్పాలంటే నాకు మాటలు తడబడతాయి. మూకుడులో ఏది వేగినా మొదటి వాయి అతనికే. సంగటి ముద్ద మీద పుల్ల మజ్జిగ పోసుకుని అతను తింటే, అది వాళ్ల ఊరి జావలాగే ఉందట, తల ఊపేవాడు. ఆ తల ఊపడం కోసం అత్త తెల్లవారేసరికి రోటి దగ్గర ఉండేది. వాళ్ల అసలమ్మ పంపిన మందపాటి సాక్సులు నలభై డిగ్రీల ఎండలో ఉతికి ఆరేసి, మడిచి బీరువాలో పెట్టింది. రైల్వే క్వార్టర్ల వెనక మైదానంలో అతను పొద్దున్నే పరిగెత్తేవాడు. కొన్నాళ్లకు వెనక ఊరి కుర్రాళ్లు పరిగెత్తసాగారు. తర్వాత వరసలు కట్టారు, కర్రలు పట్టారు, అతను రష్యన్‌లో అరిస్తే గిద్దలూరు పిల్లలు కుడికి తిరిగేవారు. సెలవులకు వెళ్లినప్పుడు నేనూ చూశాను. బీడీలు మానేశారని, పొద్దున్నే లేస్తున్నారని వాళ్ల తల్లులు మామకు చేతులెత్తి మొక్కేవారు. "మావాడు ఊరిని బాగుజేస్తా ఉన్నాడు" అని మామ మీసం తిప్పేవాడు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఆ జట్టు బస్టాండుకు పోయింది. అక్కడ ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పిల్లగాడు పానీపూరీ బండి పెట్టుకున్నాడు. బండి బోర్లించి, చెయ్యి విరిచారు. డ్యూటీ దిగి వస్తున్న మామ ఆ పిల్లగాణ్ని ఆటోలో వేసుకుని, కట్టు కట్టించి, తిన్నగా తన ఇంటికే తెచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. బావ అరుగు మీద కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏం జేసినాడు నాయనా వాడు నిన్ను?" అన్నాడు మామ.

"బయటోడు," అన్నాడు బావ. చక్కటి తెలుగులో.

ఆ మాట ఇంట్లో మేమెవరం అతనికి నేర్పలేదు. ఊరి పిల్లలే నేర్పారు. అతని భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష అతనికి నాలుగు ముక్కలే వచ్చు. అయినా ఆ ఒక్క సంగతి ఇద్దరికీ అర్థం కావడానికి ఎండాకాలం కూడా పూర్తిగా పట్టలేదు. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వనిది బావ కాదు, ఇదే.

"మరి నువ్వో? మీ అక్కో?" అన్నాడు మామ.

"నేనూ బయటోణ్ణే. పోతా. అక్కను గూడా తీసుకపోతా."

అన్నట్టే మరునాడు మార్కాపురం వచ్చి వదినను సర్దుకోమన్నాడు. వదిన పాపను చంకలో వేసుకుని నిలబడింది. మా పాప అన్న పోలిక, మంచి చామనచాయ. బావ దాన్ని ఒకసారి చూసి ఏదో అన్నాడు. వదిన పాపను ఇంకో చంకకు మార్చుకుంది. ఏమన్నాడో చాలాకాలం చెప్పలేదు మాకు. 'అది ఇక్కడిది, దాన్ని ఇక్కడే ఉండనీ' అన్నాడట. వదిన పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టి తమ్ముడి చేతికిచ్చి, అన్నను తోడిచ్చి రైలెక్కించింది. డబ్బా తీసుకున్నాడో, స్టేషనులో వదిలేశాడో అన్న కూడా చెప్పలేదు.

తర్వాత అతను ఎక్కడ తేలాడో మీకు తెలిసే ఉంటుంది, అట్లాంటివాళ్లు తేలేది అక్కడే. చాలా ఏళ్లకు వాళ్ల పక్క దేశంలో యుద్ధం మొదలవగానే సొంతంగా మనుషుల్ని కూడగట్టి సరిహద్దు దాటాడు. ఒక చిన్న ఊరిని పట్టుకుని, కొన్నాళ్లు దానికి తానే పోలీసు, తానే కోర్టు అయ్యాడు. ఫోనులో వీడియోలు వచ్చేవి. గడ్డం పెరిగింది, తల మాత్రం అదే గుండు. వెనక వరసలు కట్టిన కుర్రాళ్లు. వదిన అవి అన్న ఆసుపత్రి మందుల గదిలో తలుపేసుకుని చూసేదని నాకు తెలుసు. చూసి వచ్చి మాత్రలు తప్పుగా లెక్కపెట్టేది. అందులో మేడ మీది నుంచి దూకమని ఎవరినో నిలబెట్టిన వీడియో ఒకటి ఉందట, అది మాత్రం నాకు చూపించలేదు. ఆ తర్వాత వాళ్ల పెద్దలతోనే చెడింది. చాలినంత కరుగ్గా లేరని వాళ్లను తిట్టాడట. ఇప్పుడు అటువాళ్లూ వెతుకుతున్నారు, ఇటువాళ్లూ వెతుకుతున్నారు. కాలొకటి సరిగ్గా లేదు. అందుకే ఈ రెండు ముక్కలు.

ఆ సాయంత్రమే అన్న కారు తీసుకుని ఇద్దరం గిద్దలూరు బయలుదేరాం. నేను నడుపుతున్నాను, వదిన సీటు బెల్టు పెట్టుకోవడం, తీయడం. కంభం దాటాక అంది: "వద్దంటే వాణ్ని చంపేస్తారు వదినా. రమ్మంటే ఏమైతాదో నాకు తెలీదు." పుట్టింటి తమ్ముడు బతకడమో చావడమో తన వేలి కింద పెట్టుకుని కూర్చుంది. లారీల మీద విసుక్కుంటూ హారన్ కొట్టాను.

మామ పోయి కొన్నేళ్లయింది. ఆయన పాడె మోసినవాళ్లలో ముందువాడు ఆ పానీపూరీ అతనే. చెయ్యి నయమయ్యేదాకా అని ఇంట్లో ఉంచుకున్న పిల్లగాడు ఆ తర్వాత పోనేలేదు. వసారా పక్క గదులు అతనివే. పెళ్లాం, ఇంటర్ చదివే కూతురు ఉన్నారు. బస్టాండు దగ్గర ఇప్పుడు బండి కాదు, దుకాణం. విరిగిన మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాదు. అత్తను అమ్మా అంటాడు. ఆ లెక్కన అతనూ నాకు బావే. మేం వెళ్లేసరికి అత్త మంచం మీద, ఆ పిల్ల పక్కన కూర్చుని అత్త కాళ్లకు నూనె రాస్తోంది.

వదిన సంగతి చెప్పగానే అత్త లేచి కూర్చుంది. "వస్తాడా? కాలికేమైనాది? ఒకడే వస్తాడా?" ముందు ఈ ప్రశ్నలు.

"అమ్మా, వాడు ఎంతమందిని చంపించినాడో నీకు తెలుసునా?" అంది వదిన. గొంతు పెరిగింది.

"తెలుసు. ఈ పిల్ల ఫోన్లో చూపించింది. చూసి అన్నం మానుకున్నా. మానుకున్నంత మాత్రాన కొడుకు కాకుండా పోతాడా? రమ్మని చెప్పు. కొడితే నేను కొడతా."

అప్పటికే గడప దగ్గర పానీపూరీ అతను నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. చేతిలో మాకోసం తెచ్చిన టీ గ్లాసులున్నాయి. వాటిని ముందు వదినకు, తర్వాత నాకు అందించాడు. "రానీలే అమ్మా, నీ కొడుకే గదా," అన్నాడు. "మేం యర్రగొండపాలెంలో ఇల్లు చూసుకుంటాం. అక్కడ మావోళ్లు ఒకరిద్దరు ఉండారు. పిల్ల పరీక్షలైనాక పోతాం." గొంతులో కోపం లేదు. నిష్టూరం కూడా లేదు. కూతురు నూనె గిన్నె పక్కన పెట్టి తండ్రిని చూసింది. అత్తకు ఆ మాట సరిగ్గా వినబడలేదు, ఆమె అప్పటికే వదిన చేతిలోని ఫోను లాక్కుంటోంది. "నేనే చెప్తా, దీన్ని ఏడ నొక్కాల?" వదిన నొక్కి పట్టింది. అత్త ఫోనును నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని గట్టిగా చెప్పింది: "నాయనా, నేను మీ అమ్మను. రా. వచ్చి సంగటి తిని, ఈ అబ్బి కాళ్లు పట్టుకో. మిగతాది నేను జూసుకుంటా." చెప్పి, "పోయిందా?" అంది. "పోయిందమ్మా," అంది వదిన.

తిరుగు దారిలో బేస్తవారిపేట దాటాక వదిన కారు ఆపమంది. దిగి రోడ్డు పక్కన కందిచేను గట్టు మీద అటూ ఇటూ నడిచింది. నేనూ దిగాను. "అమ్మ మాట పంపలేదు నేను. తీసేసినా," అంది. "ఆ ఇల్లు ఖాళీగా లేదు, అక్కడ మనుషులు ఉండారు అని రాసినా. వాడు చూసినాడు." ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది, కానీ ఆగి ఏడవడం లేదు, నడుస్తూనే ఏడుస్తోంది. "అమ్మకు కొడుకు గావాల. నాకు తమ్ముడు గావాల వదినా. నాకు ఎంత గావాలనో నీకు తెలీదు. ఆ పిల్లకు ఊరు గావాలి గదా." నేను ఆమెను పట్టుకోబోయాను, చేతికి దొరకలేదు. ఇంకొంచెం దూరం నడిచి వెనక్కి వచ్చి తనే కారు తలుపు తీసింది.

ఇది జరిగి వారాలైంది. అటునుంచి జవాబు లేదు. అతను ఉన్నాడో లేడో ఎవరూ చెప్పడం లేదు, వదిన వీడియోలు చూడడం మానేసింది. అత్త మాత్రం రోజూ దీపాలు పెట్టే వేళకు నాకు ఫోను చేసి, "ఏమన్నా చెప్పినాడా?" అంటుంది. ఇంకా లేదత్తా అంటాను. "దూరం గదా, టైం పడతాదిలే," అని నాకే ధైర్యం చెప్పి పెట్టేస్తుంది. గడిచేకొద్దీ కాలం అన్నీ తేలుస్తుందని నా వయసు వచ్చినవాళ్లు అందరూ అంటుంటారు. అది ఎక్కడ తేల్చేస్తుందోనన్న భయంతో ఆ వేళకు ఫోను మోగుతుంటే నేను కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడుతున్నాను.