క్లిక్ వినబడితే పాస్

ఇరవై మూడేళ్లు అంబులెన్సు వెనక భాగంలో బతికిన మనిషి ఆమె. ఒళ్లో వాంతి చేసుకున్నవాళ్లను శుభ్రం చేసింది. మూడు రోజులుగా తలుపు తీయని గదిలోకి అందరికన్నా ముందు వెళ్లింది. తెగిన వేలిని చట్నీ గిన్నెలో పెట్టి తెచ్చిన ఆసామిని చూసి, ఇంకో గిన్నె దొరకలేదా అని కసిరింది. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. అలాంటిది, ఈ శిక్షణ కేంద్రం మెట్లెక్కిన మొదటి రోజే ఆమెకు ముక్కు మూసుకోవాలనిపించింది. అద్దంలా మెరిసే నేల, గదిగదికీ మల్లెపూల వాసన చిమ్మే డబ్బా, గోడనిండా నవ్వే ముఖాల పోస్టర్లు. ‘ఆరు నెలల శిక్షణ. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత’ అని వాటికింద తాటికాయంత అక్షరాలు. పైన పటారం, లోన లొటారం అనుకుంది. అనుకుని ఊరుకుంది. ఆమె చేసిన తప్పు అక్కడే మొదలైంది.

ఎప్పుడూ బండి దిగని అక్క కాబట్టి డ్రైవర్లు ఆమెను బండక్క అనేవారు. మాటతీరు కూడా తగినట్టే ఉండడంతో ఆ పేరు ఖాయమైపోయింది. స్ట్రెచర్లు మోసి మోసి కుడి మోకాలు అరిగిపోయాక గానీ ఆమెకు తెలిసిరాలేదు, ఈ ఉద్యోగానికి పైమెట్టంటూ లేదని. చేరిన రోజు ఏ పనో, ఇరవై మూడేళ్ల తరవాతా అదే పని. ముందు ముందు ఏమవుతావమ్మా అని అడిగినవాడు లేడు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు. చివరికి ఈ కేంద్రంలో ప్రాక్టికల్స్ చూసే కుర్చీ ఒకటి ఖాళీ అయితే కళ్లకద్దుకుని వచ్చి కూర్చుంది. ఈ కుర్చీ పోతే మళ్లీ బండెక్కాలి. ఎక్కడానికి మోకాలు ఒప్పుకోదు.

ఆ కుర్చీ ముందు నేలమీద రబ్బరు బొమ్మ ఒకటి పడుకుని ఉంటుంది. గుండె ఆగిన మనిషి ఛాతీని ఎలా నొక్కాలో కొత్తవాళ్లు దానిమీదే నేర్చుకోవాలి. కావలసిన లోతుకు దిగితే లోపల క్లిక్ మంటుంది. బండక్క వంగలేదు కనుక కుర్చీలోనే కూర్చుని, చెవితో వింటూ, కాగితం మీద టిక్కులు పెట్టేది. ముప్పై నొక్కులకు ముప్పై క్లిక్కులు వినబడితే పాస్. పోయిన బ్యాచ్‌లో ఇరవై ఆరుగురినీ అలా చెవితోనే పాస్ చేసి పంపింది. వాళ్లిప్పుడు ఇరవై ఆరు బళ్లలో తిరుగుతున్నారు.

ఈసారి నలభై మంది. అందులో ఆమె చెల్లెలి కూతురు ఒకతి.

పరీక్ష రోజు పొద్దున వాళ్లకు ‘కెరీర్ ప్లానింగ్’ క్లాసు పెట్టారు. టై కట్టుకున్న ప్లేస్‌మెంట్ ఆఫీసర్ బోర్డు మీద మెట్లు గీశాడు. అన్నిటికన్నా కింది మెట్టు మీద ‘అంబులెన్సు’ అని రాశాడు.

“ఇక్కడ రెండేళ్లు ఓర్చుకోండి చాలు. తరవాత సూపర్‌వైజర్, ఆ తరవాత మేనేజర్. ఒక్కో పేషెంటూ మీ బయోడేటాలో ఒక్కో లైను అనుకోండి.”

నలభై మందీ తల వంచుకుని రాసుకున్నారు. వెనక నుంచి బండక్క అడిగింది. “సార్, తమరెప్పుడైనా బండెక్కారా?”

“నా ఫీల్డ్ వేరండీ” అని నవ్వాడతను.

ఛీ, వీడి మెట్లు తగలెయ్య అనుకుంది. మనిషి ప్రాణం వీడికి ఒక లైనట! రోగి పక్కన కూర్చున్నవాడు ఎప్పుడు లేచిపోదామా అని చూసుకోవాలట! పిల్లలకు నేర్పే ముక్క ఇదేనా? ఒళ్లు మండింది గానీ మోకాలు కూడా మండుతుండడంతో లేవలేదు.

మధ్యాహ్నం పరీక్ష మొదలయింది. చెల్లెలి కూతురు బొమ్మ పక్కన కూర్చుని, చేతులు పెట్టి, టకటకా నొక్కుతూనే కబుర్లు మొదలెట్టింది.

“పెద్దమ్మా, నా ప్లాన్ విన్నావా? రెండేళ్లు బండి, ఆ తరవాత నీలాగే కుర్చీ. అమ్మక్కూడా చెప్పేశా.”

క్లిక్, క్లిక్, క్లిక్. ఒక్కటీ తప్పలేదు. బండక్క పెన్ను మాత్రం ఆగిపోయింది. నిజంగా నొక్కేవాళ్లకు ఇరవై దాటాక నోట మాట రాదు, నుదుట చెమట పడుతుంది. ఈ పిల్ల చూస్తే పూలు గుచ్చుతున్నట్టు కూర్చుని ఉంది.

“నీకు ఆయాసం రావట్లేదుటే?”

“ఎందుకొస్తుంది? ఎంత సులువని!”

బండక్క కుర్చీ పట్టుకుని దిగింది. మోకాలు నేలకానగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మ ఛాతీ మీద అరచేతులు ఆనించి, అలవాటుగా ఒంటి బరువు వేయబోయింది. ఇంకా వేయనేలేదు, క్లిక్ మంది. ఆమె ఆగకుండా నొక్కింది. క్లిక్ దాటాక ఛాతీ ఇంకా అంత లోతు దిగింది. అంటే వీళ్లందరూ నేర్చుకున్నది సగం. ఆ సగాన్నే తను ఏడాదిగా చెవులారా విని టిక్కులు పెట్టింది.

కుంటుకుంటూ ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. ఆయన టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

“అదా! పిల్లలు చేతులు నొప్పులంటున్నారు, సగం మంది తప్పుతున్నారు. రిపేరతన్ని పిలిచి స్ప్రింగు కాస్త సులువు చేయించాం. రెండేళ్లయింది.”

“కాస్తా? సగం సార్!”

“బొమ్మే కదమ్మా. అసలు మనుషుల దగ్గరికెళ్లాక వాళ్లే నేర్చుకుంటారు.”

“ఎవరి మీద? మీ ఇంట్లోవాళ్ల మీదా?”

ఆయన బిస్కెట్ మెత్తబడి టీలో పడింది. చెంచాతో దాన్ని తీసుకుంటూ, నిమ్మకు నీరెత్తినట్టు అన్నాడు. “సాయంత్రానికి నలభై సంతకాలూ కావాలి. కుదరదంటే రేపు ఆ కుర్చీలో ఇంకొకరుంటారు. మీ అమ్మాయి కూడా ఉంది కదా బ్యాచ్‌లో, చూసుకోండి మరి.”

ఆ చివరి మాటకి బండక్కకు రోత పుట్టింది. పురుగుపట్టిన పుండ్లు కడిగినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. అందులో సగం రోత తనమీద తనకే. స్ప్రింగు మార్చినవాడు మార్చాడు, పోస్టరు వేసినవాడు వేశాడు. చెయ్యి పెట్టి చూడకుండా సంతకం పెట్టింది ఎవరు? తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఆమె పిడికిలేమీ చిన్నది కాదు.

తిరిగొచ్చి కాగితం తీసింది. చెల్లెలి కూతురి పేరుకెదురుగా ‘ఫెయిల్’ అని రాసింది.

“పెద్దమ్మా! అందరికన్నా ముందు నాకేనా?”

“నీ పేరు దగ్గర చెయ్యాడకపోతే మిగతా ముప్పై తొమ్మిది దగ్గరా ఆడదే.”

“నువ్వసలు పెద్దమ్మవేనా? అమ్మకేం చెప్పాలి?”

“పెద్దమ్మ ఏడాదిగా బుద్ధి లేకుండా కూర్చుందని చెప్పు. అదే నిజం.”

పిల్ల ఏడుస్తూ బయటికెళ్లిపోయింది. బండక్క నలభై మందికీ అదే మాట రాసి, కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద పడేసింది. అలమర తాళం ఇచ్చి వెళ్లమన్నాడు. ఇచ్చింది. వెళ్లేముందు మాత్రం పోయిన బ్యాచ్ ఫోన్ నంబర్ల కాగితం తీసుకుని వరండా బెంచీ మీద కూర్చుంది.

మొదటి ఆరుగురికీ ఒకటే మాట చెప్పింది. “నేను తప్పు నేర్పాను. డ్యూటీ దిగగానే మా ఇంటికి రా. మళ్లీ నేర్పుతాను.” ఒకడు నవ్వాడు. ఒకతి విసుక్కుంది. ఏడో నంబరు, క్లాసులో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే అమ్మాయిది. విషయమంతా విన్నాక ఆ అమ్మాయి అడిగింది.

“మేడం, పోయిన నెల ఒకాయన వంటింట్లో పడిపోయారు. ఆస్పత్రి దాకా చెయ్యి తియ్యకుండా నొక్కాను, మీరు నేర్పినంతే. దక్కలేదు. వాళ్లావిడ నా చేతులు పట్టుకుని, చెయ్యాల్సిందంతా చేశావు తల్లీ అంది. చేశాను కదా మేడం?”

ఇరవై మూడేళ్లలో ఎన్ని గుమ్మాల ముందు ఎన్ని ఓదార్పు అబద్ధాలు చెప్పిందో బండక్కకు లెక్కలేదు. ఇప్పుడూ ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“లేదమ్మా. సగమే చేశావు.”

అవతల ఎవరో ఆ అమ్మాయిని కేకేశారు. బండి స్టార్టయిన చప్పుడు వినబడింది.

“మేడం, కాల్ వచ్చింది, వెళ్లాలి.”

“ఒక్క మాట విని వెళ్లు. ఛాతీ నీ బొటనవేలి పొడవంత లోపలికి దిగాలి. ఎముక విరుగుతుందేమోనని భయపడకు. ఆయాసం వస్తే పక్కవాడికివ్వు. సరేనా?”

“సరే.” అవతల బండి తలుపు దభీమని మూసుకుంది. ఆ అమ్మాయి గొంతు దగ్గరగా వినబడింది. “అయితే ఆయన్ని నేనే...”

“నువ్వు కాదు. మేం” అంది బండక్క.

లైను తెగిపోయింది. కాగితం మీద ఇంకా పంతొమ్మిది నంబర్లున్నాయి.