ఏడో చార

ఆ రోజుల్లో ఊరికే వచ్చేదాన్ని మా వాళ్లు నమ్మేవారు కారు. అందుకే సూరత్‌లో మా తెలుగు నేతగాళ్ల గల్లీకి రెండు వేల ఎనిమిది వందల నలభై అడుగుల దూరంలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో (అడుగులు నేనే లెక్కపెట్టాను) విదేశీ బొమ్మల సినిమా ఉచితంగా వేస్తున్నారంటే బయలుదేరింది ముగ్గురమే: అమ్మ, పక్కింటి ముక్కుపుడకత్త, నేను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు. అమ్మకు నలభై దాటినా ఒక్క సినిమా చూసి ఎరగదు. నేతకు నూలు కండెలు చుట్టడంతోనే ఆమె రోజులు సరిపోయాయి. నెల రోజులు బాపును బతిమాలితే ఆ ఒక్క ఆదివారం సాయంత్రం దొరికింది. గొడవ చేస్తే ముగ్గురినీ బయటికి పంపేస్తానని గేటు దగ్గర కాపలాదారు హిందీలో ముందే చెప్పాడు. "మేమేం లొల్లి జేస్తం నాయనా, నోట్ల నాలికె లేనోళ్లం" అంది ముక్కుపుడకత్త. (ఆమె నాలుకకు గల్లీ అంతా దడిచేది.)

సినిమా భాష ఒక్క ముక్క తెలియకపోయినా కథ తెలిసింది. చారల గౌను వేసుకున్న చిన్నపిల్ల తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ సముద్రం దాటుతోంది. అమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది. నేనేమో మరమగ్గాల కార్ఖానాలో (మేం సాంచాలంటాం) బట్ట చూసే పనిలో ఉండేదాన్ని. నేతలో తప్పు కనబడగానే చెయ్యెత్తి "బంద్" అని అరవాలి, వెంటనే సాంచా ఆగాలి. లేకపోతే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది. పడవ ఎక్కేటప్పుడు ఆ పిల్ల గౌనుకు ఏడు చారలున్నాయి. దిగేసరికి ఆరే ఉన్నాయి. నా చెయ్యి దానంతటదే లేచింది, "బంద్" అని అరిచేశాను. ఆ కేకకు సినిమా మిషను దగ్గరి మనిషి బెదిరి నిజంగానే సినిమా ఆపేశాడు. లైట్లు వెలిగాయి.

"ఏమైందే?" అంది అమ్మ.

"చార పోయిందమ్మా. గౌనుకు ఏడుండె, ఆరే అయినయి."

"నీ చార పాడుగాను, కూసో" అంది ముక్కుపుడకత్త.

అప్పటికే కాపలాదారు వచ్చి లేవమన్నాడు. మేమిద్దరం లేచాం. అమ్మ లేవలేదు. "ఆ పొల్లకు వాళ్లమ్మ ఇంక దొరకనే లేదు, ఎట్ల పోతం?" అని, ముందు వరసలోంచి వచ్చిన నెరిసిన జుట్టు ప్రొఫెసరుతో తెలుగులోనే అంది: "సార్, నా బిడ్డ లెక్క తప్పదు. జర ఎనుకకు తిప్పి సూడుర్రి. తప్పయితే మేమే పోతం."

ఆ మాటలు నేనే హిందీలో చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి రీలు వెనక్కి తిప్పించాడు. విద్యార్థులంతా ఒకే గొంతుతో లెక్కపెట్టారు. పడవ ఎక్కేటప్పుడు ఏడు. దిగేటప్పుడు ఆరు. ప్రొఫెసరు పగలబడి నవ్వి, "బొమ్మలు గీసినవాళ్ల దగ్గర నీలాంటి మనిషి ఒక్కరూ లేరమ్మా" అన్నాడు. కాపలాదారు వెళ్లిపోయాడు, సినిమా మళ్లీ కదిలింది. చివరికి ఆ పిల్లకు తల్లి దొరికింది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

తర్వాత ఆ సినిమా కథేమిటని ఎవరడిగినా అమ్మ ఒకటే చెప్పేది: "కథకేంది, మా పిల్ల ఆపితె ఆగింది." నాకిప్పుడు డెబ్బై ఒక్క ఏళ్ల రెండు నెలలు. మొన్న సినిమా హాల్లో ముందు సీటాయన ఆట అయ్యేదాకా ఫోన్లో మాట్లాడుతూనే ఉంటే, బాబూ అని పిలవడానికి కూడా నోరు రాలేదు. ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయగానూ ఉంటుంది.