చెత్తకుండీ పక్క గది

మా వీధికి చెత్తకుండీ కావాలని అడగని ఇల్లు లేదు. తీరా అది వచ్చిన రోజున మా గుమ్మం ముందు పెట్టండి అన్న ఇల్లూ లేదు. నేను నరసాపురం కోడలిగా వచ్చిన ఏడాదే, తొంభైల చివర్లో, అదీ వచ్చింది. కుండీ అంటే ఏదో ఊహించుకోకండి. నూతుల్లో దించే సిమెంటు వర. మునిసిపాలిటీ వాళ్ళు ట్రాక్టరు మీద తెచ్చి, కిందకి దించి, వీధంతా దొర్లించుకుంటూ తిప్పారు. ఒకాయన మాది తూర్పు గుమ్మం అన్నాడు. ఇంకొకాయన పూజగది కిటికీ ఇటే ఉందన్నాడు. మా మామగారు ఏమీ అనలేదు. వీధిలోకి కుర్చీ వేయించుకుని కూర్చున్నారంతే. హెడ్మాస్టరుగా చేసినాయన కనక అది సరిపోయింది. చివరికి ఆ వర మా ఇంటికి ఎదురుగా, కాదనడానికి నోరులేని ఒక గది పక్కన ఆగింది.

ఆ గదిలో ఒకావిడ అద్దెకుండేది. సముద్రం మీద వేటకి వెళ్ళిన భర్త మళ్ళీ ఒడ్డుకి రాలేదు. పిల్లల్లేరు. వాళ్ళవైపు ఆడవాళ్ళంతా చేపల గంప నెత్తికెత్తుకుంటే ఈవిడ లేసు అల్లుకుని బతికేది. గది ముందు చాపంత అరుగు ఉండేది. తెల్లారి వెలుతురు పడగానే అక్కడ కూర్చుంటే, చీకటి పడి దారం కనపడనప్పుడే లేచేది. లోపల గదికి కిటికీ లేదు. ఆ అరుగే ఆవిడకి అన్నం పెట్టే చోటు.

నరసాపురం లేసు ఒక్కరి చేతి మీద తయారయ్యేది కాదు. దారం ఇచ్చే ఆవిడ వారం వారం వచ్చి తెల్లదారం ఉండలు ఇచ్చి, అల్లిన పువ్వులు పట్టుకెళ్ళేది. వేరే వీధిలో ఇంకొందరు ఆడవాళ్ళు ఆ పువ్వులన్నీ ఒకదానికొకటి అతికి బల్ల మీద పరిచే గుడ్డ చేసేవారు. ఒక్క పువ్వు మాసినా గుడ్డంతా పాడు. అందుకని మాసిన పువ్వు వెనక్కి వచ్చేసేది, దాని కూలి పోయినట్టే. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ నేను గుమ్మంలో నిలబడితే, సూది ఆపకుండానే ఆవిడ ఇవన్నీ చెప్పేది. ఒళ్ళో పాత పంచె పరుచుకుని, అల్లే పువ్వుని నేలకి తగలనిచ్చేది కాదు. కొత్తగా వచ్చిన ఊళ్ళో నాతో ఆరా తీయకుండా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

వర నిండటానికి ఎంతోకాలం పట్టలేదు. ఖాళీ చేసే ట్రాక్టరు మాత్రం బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అప్పుడప్పుడే క్యారీ బ్యాగులు ఇంటింటికీ వస్తున్నాయి. మా వీధివాళ్ళు కుండీ దాకా నడిచి వెళ్తే కాళ్ళరుగుతాయన్నట్టు దూరం నుంచే సంచీ విసిరేవారు. సగం లోపల, సగం ఆవిడ అరుగు మీద. తిండి దొరికేసరికి ఎక్కడెక్కడి కుక్కలూ అక్కడే మకాం పెట్టాయి. తిన్న చోటే వాటి మిగతా పనీ కానిచ్చేవి. పొద్దున్నే ఆవిడ అరుగంతా చూసుకుని, కుక్కలు చేసిన చోటల్లా పొయ్యిలో బూడిద పోసి, రేకుముక్కతో ఎత్తి, రెండు బిందెలు నీళ్ళు కొడితే గానీ పనికి కూర్చోడానికి లేదు. అప్పటికి మంచి వెలుతురంతా పోయేది. వర మరీ పొంగితే ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసి పడేసేవారు. కాలిన ప్లాస్టిక్కు మసి తెల్లదారం మీద వాలేది. లోపల కూర్చుందామంటే చీకటి. పువ్వులు తిరిగి రావడం మొదలైంది.

ఒకరోజు ఆ తిరిగొచ్చిన పువ్వులు చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అమ్మగారండీ, అయ్యగారితో ఓ మాట చెప్పించండి. ఆ వరని కాస్త అవతలకి జరిపిస్తే నా పని నేను చేసుకుంటానండి."

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. పువ్వు మీద మసి చూసి నిజంగానే బాధపడ్డారు. "అది జరిగే పని కాదు గానీ, నేను చెప్పినట్టు చెయ్యి," అన్నారు. "దాని చుట్టూ ముగ్గేసి, పసుపూ కుంకుమా చల్లి, నిమ్మకాయ కోసి పెట్టు. ఎవడు దగ్గరికొచ్చి వేస్తాడో చూద్దాం. మా పుట్టింట్లో పెరటిగోడ దగ్గర పాడుచేస్తుంటే ఇదే చేశాం. ఒక్కడు వస్తే ఒట్టు."

"నేను కుంకం ముట్టుకోకూడదు కదండీ."

"బొట్టు పెట్టుకోమన్నానా ఏంటి నిన్ను? నేల మీదే కదా!" అని నవ్వి, ఆవిడే లోపలికి వెళ్ళి కాగితంలో కుంకుమ పొట్లం కట్టి తెచ్చి ఇచ్చారు. పసుపు కూడా మా డబ్బాలోదే.

అత్తగారు అన్నట్టే అయింది. కార్లలో తిరిగేవాళ్ళు, కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు కూడా ముగ్గు చూసి ఆమడదూరంలో ఆగిపోయారు. చెత్తంతా మురుక్కాలవ గట్టుకి మారింది. కుక్కలూ అటే పోయాయి. ఆవిడ మళ్ళీ పొద్దెక్కకుండానే అరుగు మీద కూర్చునేది. నన్ను చూసి సూది ఎత్తి చూపించి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకెంతో సంతోషంగా ఉండేది. వీధిలో ఎవరికీ నష్టం లేకుండా ఒక మనిషి బతుకు ఒడ్డున పడిందనుకున్నాను.

మలుపులో కిరాణా కొట్టాయన ఒక్కడే లెక్క చెయ్యలేదు. "ఇలాంటివి చాలా చూశాను," అంటూ నిమ్మచెక్కని తొక్కి మరీ కుళ్ళిన ఉల్లిపాయలు కుమ్మరించి వెళ్ళాడు. కొన్నాళ్ళకే కొట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. మూతి వంకరపోయింది. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆయనకి బీపీ ఉందనీ, డాక్టరు రాసిన మాత్రలు డ్రాయరులో పడేసి ఊరగాయ కలుపుకుని తింటున్నాడనీ వీధిలో అందరికీ తెలుసు. వాళ్ళావిడే కుళాయి దగ్గర చెప్పుకుని ఏడ్చేది. మనుషులకి తెలిసిన సంగతి ఒక్క పూటలో తెలియకుండా పోవడం నేను అప్పుడే చూశాను.

కొట్టాయన అక్కగారు ముందు, వీధిలో సగంమంది వెనక, ఆవిడ అరుగు మీదకి వచ్చారు.

"మొగుడు పోయినదానికి కుంకంతో పనేంటే?" అని అరిచింది అక్కగారు.

ఆవిడ లేచి నిలబడింది. చేతిలో పువ్వు సగంలో ఉంది. "చెత్త వెయ్యకుండా అండి. అంతేనండి. ఇంకేం లేదండి."

"ఎవరు నేర్పారే నీకిది?"

ఆవిడ తలెత్తి మా ఇంటివైపు చూసింది. అత్తగారు నా పక్కనే గుమ్మంలో ఉన్నారు. నేను అత్తగారి మొహంలోకి చూశాను. అత్తగారు పమిట భుజం మీదుగా కప్పుకుని, "పాలు పొంగుతున్నాయేమో," అని లోపలికి వెళ్ళిపోయారు. పొయ్యి మీద పాలు లేవు.

"ఎవరూ నేర్పలేదండి. నాకే తోచిందండి," అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, "మీరొక్కమాట చెప్పకూడదా అండీ?" అన్నాను. "చెప్తే ఏమవుద్ది? ఆ గుంపు మన గుమ్మంలోకి వస్తుంది. ఇంట్లో మగాళ్ళకి ఎక్కడ తలవంపులో నీకు తెలీదు," అన్నారు అత్తగారు. మర్నాడు కుళాయి దగ్గర నేనే చెప్పేశాను. ఆ పసుపూ కుంకుమా మా ఇంట్లోవే, ఆ ఆలోచనా మా ఇంట్లోదే అని. బిందె ఎత్తబోతున్న ఒకావిడ ఆగి నా మొహంలోకి జాలిగా చూసింది. "అయ్యో, ఈ పిల్లకి కూడా ఏదో మందు పెట్టేసిందండీ!" అంది. నేను చెప్పిన నిజం కూడా లేసు అల్లే ఆవిడ నెత్తినే పడింది. ఆ సాయంత్రం నుంచి గుమ్మంలో నిలబడొద్దని మా ఆయన చేత నాకు చెప్పించారు.

వారం తిరిగి దారం ఇచ్చే ఆవిడ వచ్చింది. అరుగు ఎక్కలేదు. వీధిలో నిలబడే, "అతికేవాళ్ళు నీ పువ్వులు ముట్టుకోం అంటున్నారమ్మా. నేనేం చెయ్యను?" అని పువ్వుల సంచీ అక్కడే దించి వెళ్ళిపోయింది. ఆ పువ్వుల మీద ఈసారి ఒక్క మచ్చ లేదు. మసి అంటిన రోజుల్లో ఉతికి, ఆరేసి, సగమైనా మళ్ళీ పంపించేది. ఈ మచ్చని ఏ నీళ్ళతో ఉతుకుతుంది? నెల నిండకుండానే ఇల్లుగలాయన గది ఖాళీ చెయ్యమన్నాడు. అప్పటికే వర మళ్ళీ నిండిపోయింది. ముగ్గు పోయింది, భయం మాత్రం మనిషి మీద నిలిచిపోయింది.

వెళ్ళేరోజు మా గుమ్మంలోకి వచ్చింది. మెట్టు ఎక్కకుండా కిందే నిలబడింది. చేతిలో ఒక బట్టల సంచీ. అక్క దగ్గరికి పోతున్నాననీ, గంప ఎత్తుకుంటాననీ చెప్పింది.

"అమ్మగారు లేరాండీ?"

"పడుకున్నారండి," అన్నాను. అత్తగారు తలుపు వెనకే ఉన్నారు. చీర అంచు నాకు కనపడుతూనే ఉంది. ఆవిడకీ కనపడే ఉంటుంది.

"ఆయ్, లేపకండి. అమ్మగారి పేరు నేనెక్కడా ఎత్తలేదని చెప్పండి. ఇకముందూ ఎత్తనండి. భయపడొద్దని చెప్పండి."

ఆవిడ సంచీ చంకన పెట్టుకుని మలుపు తిరిగింది.

అత్తగారు తలుపు వెనక నుంచి వచ్చారు. "వెళ్ళిపోయిందా?" అన్నారు. తలూపాను. మెట్టు కింద ఆవిడ నిలబడ్డ చోటుని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఏడుస్తారనే అనుకున్నాను.

"అక్కడ కాసిని నీళ్ళు పోసి కడిగెయ్యమ్మా," అన్నారు.