కల్లుచుక్కలో సారు చెప్పిన పాఠం

మా బాటనీ సారు పోయారని పోయిన సోమవారం ఆయన సొంతూరు సిరిసిల్ల నుంచి ఫోనొచ్చింది. కోస్తున్న కూరగాయలు పక్కకు జరిపాను. ఆయనకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

కోరుట్ల కాలేజీలో మా మొదటి ప్రాక్టికల్‌కు సారు రాయికల్ నుంచి సీసాలో కల్లు తెచ్చారు. మేమంతా ఒకటే నవ్వు.

"నవ్వుడు ఆపుండ్రి. గీ కల్లుల ఈస్టున్నది, ఒక్కటే కణమున్న జీవి. గది ఎట్ల బతుకుతదో చూడుండ్రి" అన్నారు.

కణం తన జన్యువుల్లోంచి కావలసిన సంగతిని చిట్టీలా రాసుకుంటుందని, దాన్నే ఎంఆర్ఎన్ఏ అంటారని, పని అయ్యాక ఆ చిట్టీని తానే చింపేస్తుందని చెప్పారు. "రాసుడే కాదు, చింపుడు గూడ బతుకే" అనేవారు.

చింపడం సారుకూ అలవాటే. అవి నక్సలైట్ల రోజులు. పోలీసులు బస్సులాపి జేబులు వెతికేవాళ్లు. మా క్లాసులో ఒకతను అడవిలోకి పోయాక సారును రెండుసార్లు ఠాణాకు పిలిపించారు. అప్పట్నుంచి ఎవరి ఉత్తరమైనా సరే, చదవగానే నిలువునా చింపేసేవారు.

పెళ్లయి జగిత్యాల వచ్చాక నేను ఆయనకు నెలనెలా రాసేదాన్ని. ఒకసారి ఆయన్ను చూడ్డానికి వెళ్తే నా ఎదుటే నా ఉత్తరం చింపారు. ఆయన భయం తెలిసి కూడా అలిగాను. చింపేదానికి రాయడమెందుకని తగ్గించాను, తర్వాత మానేశాను. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నిరుడు ఆయనే ఫోన్ చేశారు. "ఈస్టు మీద కొత్త సంగతి చదివిన బిడ్డా. చిట్టీలు రాసుడు తగ్గితే, కణం చింపుడు గూడ నిదానం చేస్తదట. లోపల ఉండాల్సినయి ఉండనే ఉంటయట. గప్పుడు మీకు గిది చెప్పలే."

కుక్కర్ కూత పెడుతోంది. "సరే సార్" అని పెట్టేశాను.

దినాలకు సిరిసిల్ల వెళ్లాను. వీధంతా మరమగ్గాల చప్పుడు. సారు భార్య ఒక రేకుడబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో నా ఉత్తరాలు నాలుగున్నాయి.

"నువ్వు నెలనెల రాసినప్పుడు అన్ని చింపిండు బిడ్డా. నువ్వు రాసుడు తగ్గినంక ఒక్కటి గూడ చింపలే."

అడుగునున్నది నా చివరి ఉత్తరం. తీసి తీసి చదివినందుకు మడతల దగ్గర అరిగి చిల్లులు పడింది. అందులో రెండే వాక్యాలు. అందరం క్షేమం. తీరిక దొరకగానే వస్తాను సార్.