చప్పిడి గంజి

యుద్ధం నడుస్తున్న రోజులు. పట్నంలో నర్సు చదువు చదువుతూ, పని నేర్చుకోవడానికి కొన్నాళ్లు చేవెళ్ల దవాఖానలో ఉన్నాను. మొయినాబాదులో మాకు కిరాణా దుకాణం ఉండేది. దుకాణం పెట్టుకుని బతికే ఇంట్లో పుట్టి ఊరివాళ్ల పుండ్లు కడుగుతావా అని మా బాపు నాతో మాటలు మానేశాడు. మానేస్తే మానేశాడని బయలుదేరాను.

చేరిన రోజే డాక్టరు మాకొక మాట నేర్పాడు. రోగి కోలుకుంటున్నా, ఇక బతకడని తేలిపోయినా, ఇంటివాళ్లు అడిగితే "ఫికర్ చెయ్యకుండ్రి, తగ్గుతది" అనాలి. అంతకుమించి నోరు విప్పకూడదు. నిజం చెబితే ఏడుపులు, గోల అని ఆయన బాధ. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, ఆ ఏడుపు వినే ధైర్యం లేదని నాకప్పుడే అర్థమైంది.

ముడిమ్యాల నుంచి ఒక తల్లి పెళ్లయిన కూతుర్ని బండిలో వేసుకొచ్చింది. నాకంటే చిన్న పిల్ల. మూత్రపిండాలు చెడిపోయి ఒళ్లంతా నీరు పట్టింది. డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నాడు. ఆ తల్లి దవాఖాన వెనక రాళ్ల పొయ్యి మీద జొన్నగంజి కాచి, చప్పిడిగానే పోసేది. బిడ్డకు లేని ఉప్పు తనకెందుకని తనూ అదే తాగేది.

కూతురు మాత్రం రోజూ పచ్చడి ఒకటే అడిగేది. "అవ్వా, జర మామిడికాయ తొక్కు ఏసి రొట్టె పెట్టరాదే."

"తగ్గినంక పెడ్త బిడ్డా. సాబు తగ్గుతదన్నడు గద."

ఒకరోజు డాక్టరు ఆ పిల్లను చూసి బయటికొచ్చి, ఇక రెండు మూడు రోజులేనని నాకు చెప్పాడు. తల్లికి చెప్పొద్దన్నాడు. నేను లోపలికి వెళ్లేసరికి ఆ పిల్ల మళ్లీ తొక్కు అడుగుతోంది, తల్లి మళ్లీ గంజి గిన్నె నోటికి పెడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లిని పొయ్యి దగ్గరికి తీసుకుపోయాను.

"అవ్వా, ఇగ పథ్యం వద్దు. బిడ్డ ఏమడిగితే గది పెట్టు."

"తగ్గిందా మరి?"

"తగ్గలే. తగ్గదు గూడ. బిడ్డ దక్కదవ్వా. రెండు మూడు రోజులంటున్నరు."

ఆమె పొయ్యి పక్కన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను. కాసేపటికి ముఖం కడుక్కుని బజారుకు పోయి, ఎవరింట్లో అడిగిందో, ఆకులో తొక్కు తెచ్చింది. వేడి రొట్టె చేసి తినిపించింది. పిల్ల కళ్లు మూసుకుని ముక్క చప్పరించి, "మన తొక్కంత కారం లేదే" అని వంక పెట్టింది. ఇంకో ముక్క కూడా అడిగింది.

అప్పుడే డాక్టరు వచ్చి చూశాడు. నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఎవరు పెట్టమన్నరు?"

"నేనే. ఉన్న సంగతి చెప్పిన."

"తప్పయిందని ఒప్పుకో. లేకుంటే పట్నం తోలేస్త."

"తోలెయ్యుండ్రి. రేపు ఇంకో అవ్వ అడిగినా గిట్లనే చెప్త."

ఎప్పుడొచ్చిందో, ఆ తల్లి తొక్కు అంటిన చేత్తోనే మా మధ్యకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "సాబూ, మీరందరు తగ్గుతదంటిరి. నమ్మి నా బిడ్డ నోరు కట్టేసిన. ఈ పిల్ల చెప్పకపోతే, గా సప్పిడి గంజితోనే సాగదోలుతుంటి."

లోపల్నుంచి పిల్ల పిలిచింది. "అవ్వా, యాడ పోయినవే? నువ్వు గూడ తిందువు రా."

ఆమె వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. ఆ ఆకులోంచే రొట్టె తుంచుకుని, తొక్కు అద్దుకుని తిన్నది.

తెల్లారి నన్ను పట్నం పంపించేశారు. ఆ పిల్ల తల్లి ఒడిలోనే పోయిందని తర్వాత తెలిసింది. తప్పయిందని నేను ఆ రోజు అనలేదు. ఇప్పటికీ అనను.