పెద్దల్లుడి మైలేజీ

పెద్దల్లుడికి ఉన్నది ఒక్కటే పిచ్చి. మైలేజీ. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పే అలవాటు అసలే లేదు. వంక పెట్టడానికి మరేదీ దొరక్క చుట్టాలంతా ఆ ఒక్క పిచ్చినే పట్టుకుని ఏళ్ళ తరబడి నవ్వుకుంటూ వస్తున్నారు.

ఆయనది కుళాయిల వ్యాపారం. ఏ కుళాయి ఎంత కారితే బకెట్టు ఎప్పటికి నిండుతుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. స్కూటరు రోజుల్లోనే సిగ్నల్ దగ్గర ఇంజను ఆపి, పచ్చదీపం పడగానే దిగి అవతలిదాకా తోసుకుంటూ పోయేవాడని ప్రతీతి. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఒక ఖరీదైన విదేశీ ఎస్‌యూవీ కొన్నాడు. మిలమిలలాడే నలుపు, తోలు సీట్లు, నెత్తిమీద అద్దాల కప్పు. తలుపు వేస్తే చప్పుడు కూడా మర్యాదగా వచ్చేది.

బండి మారింది గాని మనిషి మారలేదు. పెడల్ మీద ఎంత బరువు పడుతోందో పాదానికి తెలియాలని చెప్పులు విప్పి ఒట్టి కాలితో నడిపేవాడు. ఎర్రదీపం అల్లంత దూరాన కనిపిస్తే చాలు, అక్కడినుంచే కాలు తీసేసేవాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయి, చివరికి పక్కనుంచి వెళుతూ ఆయన్ని జాలిగా చూసేవాళ్ళు. విందుకి తీసుకెళ్ళిన చుట్టాల్ని తిరిగి ఎక్కించుకునేటప్పుడు మాత్రం కాస్త దిగులుగా చూసేవాడు. భోజనం చేశాక మనిషి బరువు పెరుగుతుంది కదా.

పెట్రోలు బంకులో ఆయన కనిపిస్తే పనివాళ్ళు ఒకరినొకరు ముందుకు తోసుకునేవాళ్ళు.

"నిండిపోయింది సార్. పంపు దానంతటదే ఆగిపోయింది."

"ఆగుతుంది నాయనా. లోపల గాలి ఉంటుంది. ఆ గాలి బయటికి రాకుండా కొలత ఎలా కుదురుతుంది? నువ్వు ఆ పక్క పట్టుకో, నేను ఈ పక్క పట్టుకుంటాను. ఊపు."

"ఇంత బండిని ఊపడమా సార్?"

"మెల్లిగా ఊపు. ఉయ్యాల అనుకో."

ఆ ఏనుగును ఇద్దరూ చెరో పక్కా ఊపుతుంటే, వెనక వరసలో ఉన్నవాళ్ళు దిగి వచ్చి చూసి, ఏమీ అర్థం కాక తామూ ఓ చెయ్యి వేసేవాళ్ళు.

ఇదంతా విని లోకం నవ్వింది. నవ్వలేనివాడు ఒక్కడే, చిన్నల్లుడు.

చిన్నల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణం. వృత్తి రీత్యా ఊరందరి చూపూ సరిచేస్తాడు గాని, తోడల్లుడి కారు మీద పడ్డ తన చూపును మాత్రం తిప్పుకోలేకపోయాడు. తనదొక పాత చిన్న కారు. అద్దం దించాలంటే అరచేత్తో నొక్కిపట్టాలి. అత్తగారింటి ముందు ఆ నల్లటి మహారాజు పక్కన తన బండి నిలబెట్టిన మొదటి ఆదివారం, మామగారు బయటికి వచ్చి, "చిన్నల్లుడు ఇంకా రాలేదేం?" అన్నారు. కారు ఆయనకు కనబడలేదు మరి. చిన్నల్లుడి కడుపు భగ్గున మండింది. ఆ తరవాతి ఆదివారం తలనొప్పి అన్నాడు, ఆపై ఆదివారం దుకాణంలో పని అన్నాడు, ఆపైన సాకులు చెప్పడం కూడా మానేశాడు.

"అక్కని చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా? మీకు కారు మీద కోపమైతే నేనేం చేశాను?" అని భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కోపం ఎవరికి? నాకా? ఆ డబ్బా చూసి?" అన్నాడు. ఆ డబ్బా రాత్రి కలలోకి వచ్చి వెక్కిరించింది.

అప్పుడు పెద్దల్లుడే కదిలాడు. కళ్ళజోడు వదులైందనే మిషతో దుకాణానికి వచ్చి, "రా తమ్ముడూ, అలా ఓ చుట్టు తిరిగొద్దాం" అని బలవంతాన ఎక్కించుకున్నాడు. చిన్నల్లుడు పళ్ళు బిగించి కూర్చున్నాడు. సీటు మెత్తగా ఉన్నందుకు ఏడుపొచ్చింది. చల్లగాలి వీపుకి కూడా తగులుతున్నందుకు మరీ ఏడుపొచ్చింది. కంటికి ఏదో ఒక లోపం కనబడకపోతుందా అని వెతుకుతుంటే, స్టీరింగు వెనక తెర మీద సగటు అని ఒక అంకె కనబడింది. ఎనిమిది.

"ఇదేమిటి అన్నయ్యగారూ, మైలేజీయేనా?"

"అవును తమ్ముడూ."

"ఎనిమిదేనా?"

పెద్దల్లుడు ఏదో చెప్పబోయి చిన్నల్లుడి మొహంలోకి చూశాడు. రెండు నెలలుగా ముడుచుకుని ఉన్న ఆ మొహం చాటంత అవుతోంది.

"మాది పదహారు ఇస్తుంది" అన్నాడు చిన్నల్లుడు, గొంతులో సానుభూతి కూరి.

పెద్దల్లుడు తెరిచిన నోరు మూసుకున్నాడు. "అదృష్టవంతుడివి" అన్నాడు.

ఆ ఆదివారం అత్తగారింటికి అందరికంటే ముందు వచ్చినవాడు చిన్నల్లుడే. తన బండిని సరిగ్గా ఆ నల్లకారు పక్కనే, గర్వంగా నిలబెట్టాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఏమిటో ఆయనకు జీవితంలో మొదటిసారి తియ్యగా తెలిసొచ్చింది.

అక్కడినుంచి ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అదే వరస.

"ఏమన్నయ్యగారూ, ఈ వారం ఎంత?"

"ఏడున్నరకు దిగింది తమ్ముడూ" అనేవాడు పెద్దల్లుడు, మొహం వెలిగిపోతూ. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి, వెలుగు తీసేసి దిగులు తగిలించుకునేవాడు. "ఏం చేస్తాం, నా ఖర్మ."

"ఇంకా దిగిందా. అయ్యయ్యో. అమ్మడూ, అన్నయ్యగారికి ఇంకాస్త కూర వెయ్యి" అని చిన్నల్లుడు భార్యకు పురమాయించేవాడు. అంకె పడిపోతున్నకొద్దీ ఆయన ఔదార్యం పెరిగింది. పడిపోతుంటే ఈయన మురిసిపోవడమేమిటన్న అనుమానం ఒకటిరెండుసార్లు రాకపోలేదు గాని, పిచ్చివాళ్ళ సంగతి మనకెందుకని వదిలేశాడు. వదినగారు ఒకసారి "అసలు సంగతేమిటంటే మరిదిగారూ" అని మొదలుపెట్టబోతే పెద్దల్లుడికి భయంకరమైన దగ్గు వచ్చింది. మామగారు లేచి వీపు మీద చరుస్తూ కూతురి వైపు గుర్రుగా చూశారు.

అలా ఏడాది గడిచాక పెద్దల్లుడికి చత్వారం ముదిరింది. చిన్నల్లుడే తనకు తెలిసిన కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చుక్కలు వేసి, సాయంత్రం వరకూ అంతా మసకగా ఉంటుంది, బండి నడపొద్దన్నారు. వదినగారికి డ్రైవింగు రాదు. తాళం చిన్నల్లుడి చేతికి వచ్చింది.

ఏడాదిగా అసూయపడ్డ సీటులో కూర్చున్నాడు. పక్కన నల్ల కళ్ళద్దాలతో పెద్దల్లుడు, వెనక వదినగారు. తెర మీద ఆరున్నర.

"మొన్న నింపిన టాంకు తమ్ముడూ. ఎన్నడూ ఇంత దిగలేదు. అంటే, ఇంత ఘోరంగా దిగలేదు" అన్నాడు పెద్దల్లుడు. "కాస్త నెమ్మదిగా పోనీ."

నెమ్మదిగా పోవడానికా ఈ బండి ఎక్కింది? చిన్నల్లుడు కాలు అదిమాడు. ఏనుగు లేడిపిల్లలా లంఘించింది. కసిదీరా తొక్కాడు, కసిదీరా బ్రేకు వేశాడు, మళ్ళీ తొక్కాడు. తెర వైపు చూసి నివ్వెరపోయాడు.

"అన్నయ్యగారూ, ఏడు దాటింది."

పెద్దల్లుడు తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. "దాటిందా?"

"ఏడున్నర. పెరుగుతోంది. చూశారా, తప్పు బండిది కాదు. మీకు నడపడం రాలేదంతే."

"ఏవండీ" అంది వదినగారు వెనకనుంచి.

"నువ్వూరుకో" అన్నాడు పెద్దల్లుడు. ఆయన గొంతు సన్నబడింది. "నిజమే తమ్ముడూ. రాలేదు. నీ కాలిలో ఏదో మహత్తు ఉంది."

ఎనిమిది దాటించాక పెద్ద కూడలి దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. కదలడానికి లేదు. ఏసీ చల్లగా తిరుగుతోంది, ఇంజను చిన్నగా గొణుగుతోంది. చిన్నల్లుడు తన ఘనతను మరోసారి చూసుకుందామని తెర వైపు తిరిగాడు. నిలబడ్డ బండిలో అంకె ఇంకాస్త పెరిగింది. కళ్ళముందే మళ్ళీ పెరిగింది.

ఇదెక్కడి విడ్డూరం? చక్రం కదలకుండా మైలేజీ ఎలా పెరుగుతుంది? ముందుకు వంగి చూశాడు. అంకె కింద చీమతలంత అక్షరాలున్నాయి. రోజూ పదిమంది చేత ఆఖరి వరస చదివించే మనిషి, ఏడాదిలో ఒక్కసారీ వాటిని చదవలేదు. వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు. అంకె ఎంత తగ్గితే బండి అంత తక్కువ తాగుతోందని. ఆరున్నర అంటే లీటరుకు పదిహేను పైమాటే. ఈ ఏనుగు తన చిన్నకారుతో సమానంగా నడుస్తోంది.

చెవులు వేడెక్కిపోయాయి. ఆదివారాలన్నీ వరసగా గుర్తొచ్చాయి, కూర వడ్డించమన్న ప్రతి ఆదివారం. వీళ్ళంతా తన వెనక ఎంత నవ్వుకున్నారో.

"వదినగారూ, ఇది మీ అందరికీ తెలుసా?"

పెద్దల్లుడికి దగ్గు మొదలైంది గాని ఈసారి వదినగారు ఆగలేదు. "మొదటిరోజే చెప్పేద్దామన్నాను. చెబితే తమ్ముడు మళ్ళీ రావడం మానేస్తాడే, మీ అక్కచెల్లెళ్ళు మొహాలు చూసుకోరు అన్నారు. అమ్మచేతా నాన్నచేతా ఒట్టు వేయించుకున్నారు. ఎవరైనా నవ్వితే తన మీద ఒట్టే అన్నారు. ఏడాదిగా నవ్వాపుకోలేక చచ్చిపోతున్నాం మరిదిగారూ."

పెద్దల్లుడు నల్లద్దాల వెనక దొరికిపోయిన దొంగలా కూర్చున్నాడు.

చిన్నల్లుడికి సిగ్గేసింది, కోపమొచ్చింది. రెంటినీ మించి, పాత మంట మళ్ళీ రేగింది. ఇన్నాళ్ళూ కారొక్కదాన్ని చూసే కుళ్ళాడు. ఇప్పుడు ఈ మనిషి మంచితనాన్ని చూసి కూడా కుళ్ళాలి. దానికి ఏ తెర మీదా లోపం కనబడేలా లేదు.

"అన్నయ్యగారూ" అన్నాడు చివరికి. "ఆదివారం వస్తాను. కూర కూడా నేనే వడ్డిస్తాను."

"సంతోషం తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు. ఊపిరి పీల్చుకుని, ఇక ఆపుకోలేక చేయి చాచి తమ్ముడి మోకాలు తడుముతూ అన్నాడు:

"ఎలాగూ తెలిసిపోయింది కదా నాయనా. ఆ ఇంజను కాస్త ఆపు."